పచ్చ క్యాన్యులా, నీలం క్యాన్యులా: ఎవరికి ఏది?

సెలైన్, మందులు, రక్తం ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టమే క్యాన్యులా. దాని మందాన్ని చెప్పే గేజ్ అంకె పెరిగేకొద్దీ క్యాన్యులా సన్నబడుతుంది. పచ్చది 18 గేజ్, బయటి వ్యాసం సుమారు 1.3 మిల్లీమీటర్లు, నీలంది 22 గేజ్, 0.9. చూడ్డానికి తేడా చిన్నదే. కానీ పాయిజల్ సూత్రం ప్రకారం ప్రవాహం గొట్టం లోపలి వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది: వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. పచ్చదాంట్లో నిమిషానికి దాదాపు 90 మి.లీ. సెలైన్ వెళ్తే, నీలందాంట్లో 35 దాకానే. రక్తం చిక్కన కాబట్టి ఇంకా నెమ్మది.

ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగని తల్లికి నీలంతో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చదు. స్టాండ్ ఎత్తు పెంచినా ఆ లోటు తీరదు.

నరాలు పెళుసైన పెద్దవాళ్లకు, మామూలు యాంటీబయాటిక్‌కు మాత్రం నీలమే మేలు. నొప్పి తక్కువ, నరం వాచే అవకాశమూ తక్కువ.