ఫియోరే రెండు చేతుల కత్తి: నాలుగేళ్ల సాధన తర్వాత

ఉద్యోగానికి ఇటలీలోని బొలోన్యా వచ్చిన కొత్తలో, సాయంత్రాలు ఏం తోచక చేరాను ఈ పాతకాలపు కత్తిసాము క్లాసులో. వారానికి రెండు రోజులు, ఇప్పటికి నాలుగేళ్లు. ఇంకా మానాలనిపించలేదు.

మాకు పాఠం కత్తిసాము గురువు ఫియోరే దెయి లిబేరి చెప్పిన 'ఫియోర్ ది బత్తాలియా' అనే పుస్తకం. ఆయనది ఇటలీలోనే ఫ్రియూలి ప్రాంతం, దీన్ని 1400ల మొదట్లో ఫెర్రారా ప్రభువు నికోలో ద'ఎస్తే కోసం తయారుచేశాడు. నాలుగు చేతిరాత ప్రతులు మిగిలాయి, మేం ఎక్కువగా చూసేది గెట్టీ మ్యూజియంలో ఉన్నది, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఒక బొమ్మ, పక్కన నాలుగు మాటలు. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య కాలు ఎటు తిరిగిందో మాత్రం చేసి చూసుకుంటే గానీ తెలీదు.

ఇదంతా చేతి బలం అనుకుంటారు చాలామంది. మా మొద్దు అంచు కత్తి బరువు కిలోన్నర, అంతే. మొదటి ఏడాదంతా నేనూ భుజాలతోనే కొట్టాను, రాత్రికి మెడ పట్టేసేది. అసలు విషయం అడుగులో ఉందని తెలిసింది 'కోల్పో దెల్ విల్లానో', అంటే మోటుమనిషి దెబ్బ దగ్గర. ఎదుటివాడు బలంకొద్దీ నెత్తిమీదకి దింపుతాడు. మనం ఎడమకాలు ముందుంచి కాచుకుని ఉండి, దెబ్బ దిగేటప్పుడు ఆ కాలిని ఎడమపక్కకి తప్పించి, కుడికాలిని అడ్డంగా వేస్తూ, మన కత్తి నడిమధ్యన దెబ్బ తీసుకోవాలి. ఆపకూడదు, జారనివ్వాలి. ఇనుము ఇనుము మీద జర్రున జారి అతని కత్తి మొన నేలవైపు పోతుంది, అప్పటికి మన కత్తి అతని తలమీద ఉంటుంది. ఇది నాకు కుదరడానికి రెండేళ్లు పట్టింది, కుదిరిన రోజు ఇంటికి నడిచే వెళ్లాను, అంత సంతోషం.

ఇబ్బందులూ ఉన్నాయి. చవకగా వస్తున్నాయని ఆన్‌లైన్‌లో కొన్న గ్లౌజుల వల్ల నా కుడి బొటనవేలు చిట్లింది, నెలన్నర కత్తి పట్టలేదు. ఇక కత్తిని భుజం వెనక పెట్టుకుని నిలబడే పోస్తా ది దొన్నాలో, పాదం తిరక్కుండా నడుము ఒక్కటే తిప్పితే మోకాలికి దెబ్బ. మా గురువుగారు ఇప్పటికీ ముందు నా మడమలే చూస్తారు.

కొత్తగా చేరేవాళ్లు ముందు మాస్కు, మంచి గ్లౌజులు కొనుక్కోండి. కత్తి మాకు క్లాసులోనే ఇచ్చారు, మీరూ చేరే చోట అడగండి. ఈ ఏడాది నేను జోకో స్త్రెత్తోలో ఉన్నాను, అంటే కత్తులు కలిశాక లోపలికి దూరి ఎదుటివాడి పిడి పట్టేయడం. ఇందులో ఇంకా నాలుగుసార్లలో మూడుసార్లు ఆలస్యమవుతున్నాను.