ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో వస్తువుని చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లు) విడగొడతాం, ఆ ముక్కల వలే మెష్. ఒక ఎడ్జ్ (అంచు గీత) మీద ఎలిమెంట్లు సమానంగా పంచాలా, బయాస్ ఇవ్వాలా, అంటే ఒక చివర సన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలా? ఏది మేలు?

మధ్యలో రంధ్రం ఉన్న ప్లేటుని లాగే లెక్కే తీసుకుందాం. రంధ్రం వ్యాసార్థం 10 మి.మీ., లాగే దిశకి అడ్డంగా రంధ్రం అంచు నుంచి ప్లేటు అంచు దాకా 90 మి.మీ. ఆ ఎడ్జ్ మీద 20 ఎలిమెంట్లు పెడుతున్నాం.

సమానంగా పంచితే ఒక్కోటి 4.5 మి.మీ. మెష్ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పెద్ద ప్లేటుకి కిర్ష్ 1898లో ఇచ్చిన సూత్రం వేసి చూడండి, రంధ్రానికి దూరంగా ఉండే స్ట్రెస్‌తో పోలిస్తే రంధ్రం అంచున 3 రెట్లున్న స్ట్రెస్ 9 మి.మీ. వెళ్లేసరికి దాదాపు 1.25 రెట్లకి పడిపోతుంది, అంటే మనం వెతుకుతున్నదంతా మొదటి రెండు ఎలిమెంట్లలోనే అయిపోతుంది, మిగతా 18 పెద్దగా ఏమీ మారని చోట ఉంటాయి.

అవే 20 ఎలిమెంట్లని ఒక్కోటీ దాని ముందుదానికి 1.2 రెట్లు ఉండేలా పెంచుకుంటూ పోతే మొదటిది అర మి.మీ. కన్నా చిన్నది, చివరిది 15 మి.మీ. పైన. సమానంగా పంచి అంత సన్నగా రావాలంటే 180కి పైగా కావాలి! ఇలాంటి స్టాటిక్ (బరువు కాలంతో మారని) లెక్కల్లో నేను కళ్లు మూసుకుని బయాస్‌కే వెళ్తాను.

ఒక్క జాగ్రత్త. అబాకస్, ఆన్సిస్ సాఫ్ట్‌వేర్లలో బయాస్ అంటే అతి పెద్ద ఎలిమెంట్‌కీ అతి చిన్నదానికీ నిష్పత్తి. మెష్ తయారుచేసే జీమెష్ (Gmsh) సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రెషన్ అంటే పక్కపక్క ఎలిమెంట్ల నిష్పత్తి. అబాకస్‌లో ఇచ్చిన బయాస్ 5ని తెచ్చి జీమెష్ ప్రోగ్రెషన్‌గా పెడితే 10 ఎలిమెంట్లకే చివరిది మొదటిదానికి 19 లక్షల రెట్లు దాటుతుంది. పైగా జీమెష్ అడిగేది నోడ్ల (ఎలిమెంట్ల చివరి బిందువుల) సంఖ్య, 20 ఎలిమెంట్లు కావాలంటే 21 ఇవ్వాలి. సన్నటి వైపు రంధ్రం దగ్గర కాకుండా అవతల వచ్చిందా, ఎడ్జ్ నంబర్‌కి మైనస్ పెట్టండి, తిరగబడుతుంది.

రెండు రంధ్రాల మధ్య ఎడ్జ్ అయితే డబుల్ బయాస్, రెండు చివర్లా సన్నగా. రంధ్రం చుట్టూ ఉన్న వంపు మీద మాత్రం సమానంగా పంచడమే నయం.

క్రాష్ లాంటి ఎక్స్‌ప్లిసిట్ లెక్కల్లో (కాలాన్ని టైమ్ స్టెప్ అనే చిన్న చిన్న అడుగులుగా నడిపేవి) మాత్రం నా మాట పూర్తిగా వేరు. అక్కడ అతి చిన్న ఎలిమెంటే టైమ్ స్టెప్‌ని నిర్ణయిస్తుంది, ఆ అర మి.మీ. ఎలిమెంట్ ఒక్కటి ఉన్నా మోడల్ మొత్తం దాని వేగానికే నడవాలి, కాబట్టి కనీస సైజు ముందే తేల్చుకుని సమానంగానే పంచండి.