విశాఖలో సైకిల్ క్లబ్బుతో నాలుగు వేసవులు: చేరే ముందు ఒక మాట

మా ఆఫీసులో ఇప్పటికి ముగ్గురు అడిగారు, ‘మేడమ్, మీ సైకిల్ క్లబ్బులో చేరమంటారా?’ అని. మొదటావిడని వెంటనే చేరమన్నాను. రెండో ఆయన్ని వద్దన్నాను. మూడో కుర్రాడికి మాత్రం మే నెల వెళ్ళనిచ్చి జూలైలో చూద్దువు గాని అన్నాను. ముగ్గురూ క్యాంటీన్‌లో కలిసి కూర్చుని నా మాటలు పోల్చుకున్నారట. అందుకే ఇక వివరంగా రాసేస్తున్నాను.

నేను 2022 మార్చిలో చేరాను. ఉండేది ఎంవీపీ కాలనీ. అప్పటికి నాకు నలభై ఒకటి, సైకిల్ తొక్కి పాతికేళ్ళు. కొన్నది ఇరవై వేల లోపు హైబ్రిడ్ సైకిల్. క్లబ్బులో లక్షన్నర కార్బన్ సైకిళ్ళూ ఉన్నాయి, నాన్నగారి కాలం నాటి రాడ్ బ్రేకుల సైకిల్ మీద వచ్చే పెద్దాయన కూడా ఉన్నారు. కాబట్టి సైకిల్ చూసి ఎవరూ చిన్నచూపు చూడరు. ‘ఎంత పడింది?’ అని మాత్రం అందరూ అడుగుతారు. క్లబ్బు పేరు రాయడం లేదు. తిట్టేది కూడా కొంత ఉంది, పైగా వచ్చే ఆదివారం మళ్ళీ వాళ్ళ మొహాలే చూడాలి.

ముందు ఆదివారం రైడ్ సంగతి. వేసవిలో ఐదింటికల్లా ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉండాలి. ఐదంటే ఐదే. మేలో మనకి ఐదున్నర కాకముందే సూర్యుడు సముద్రంలోంచి లేచిపోతాడు, ఆయనకి క్లబ్బు గ్రూపులో మెసేజ్ పెట్టి ఆగమని చెప్పలేం కదా. అక్కడి నుంచి కురుసుర సబ్‌మెరైన్, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి. వెళ్ళడానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, రానుపోను యాభై దాటుతుంది. తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి పక్కన ఒక ఎత్తు, రుషికొండ దగ్గర ఇంకొకటి. కారులో వెళ్ళేటప్పుడు ఈ రెండు ఎత్తులూ ఉన్నాయని నాకు ఇన్నేళ్ళలో తెలియనే తెలియదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఇంజన్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మంగమారిపేట దగ్గర వలలు బాగుచేసుకునే పెద్దవాళ్ళు, పడవల మధ్య క్రికెట్ ఆడే పిల్లలు, ఎండుచేపల వాసన. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిళ్ళు రోడ్డు పక్కన పెట్టేసి కాసేపు నడుస్తాం. 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది, టైర్లు ఎక్కించొద్దని క్లబ్బు మొదటి నుంచీ గట్టిగా చెబుతుంది. ఈ విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి. భీమిలిలో ఇడ్లీ, టీ, గోస్తనీ సముద్రంలో కలిసే వైపు ఒక ఫోటో. అక్కడి దాకా అంతా పండగే.

అసలు రైడ్ అక్కడి నుంచి మొదలవుతుంది. వేసవిలో మనకి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. మన తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. భీమిలికి వెళ్ళేటప్పుడు ఆ గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. ‘ఓహో, నాకు స్టామినా పెరిగింది’ అనుకుంటాం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి గుండెల మీద చెయ్యి పెట్టి నెడుతుంది. పొద్దెక్కే కొద్దీ ఇంకా పెరుగుతుంది. పైనుంచి ఉక్క. విజయవాడ వాళ్ళు మన 35 డిగ్రీలు చూసి నవ్వుతారు గానీ, ఇక్కడి గాలిలో తేమకి చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, కారడమే మిగులుతుంది.

నా మొదటి మేలో ఏమైందో చెబుతాను. ఆ రోజు పద్నాలుగు మందిమి. తిరుగు ప్రయాణంలో మంగమారిపేట దాటాక నా సీసాలో నీళ్ళు అయిపోయాయి. ముందు వాళ్ళ వీపులు కాసేపు కనిపించాయి, తర్వాత మలుపు తిరిగి మాయమైపోయాయి. పిక్క పట్టేసింది. దిగి నడుస్తున్నాను. ఇంకా ఎనిమిదిన్నర కాలేదు, తారు మీద నుంచి మాత్రం ఆవిరి కొడుతోంది. రోడ్డు పక్క చెట్టు కింద ముంజలమ్మే ఆవిడ ఉంది.

‘ఏటమ్మా, ఒక్కర్తివే వచ్చీసినావు? మీవోళ్ళు ఇందాకే ఎల్లిపోనారు,’ అంది.

కూర్చున్నాను. ఆవిడ కత్తితో కాయ నెత్తి చెక్కి, బొటనవేలు పెట్టి ఒక్కో ముంజనీ పైకి తీసి, తాటాకు ముక్కలో పెట్టి ఇచ్చింది. మొదటిది చేతికి జారి నీళ్ళన్నీ మోచేతి దాకా కారిపోయాయి. రెండోది తొక్కతో సహా మింగేశాను. మూడోది తింటుండగా ఫోన్ మోగింది. క్లబ్బు గ్రూపులో ఫోటో. బీచ్ రోడ్డులో టిఫిన్ బండి దగ్గర పదమూడు మంది, పైన ‘అందరూ క్షేమంగా చేరుకున్నారు’ అని మెసేజ్, దాని కింద వరసగా చప్పట్లు.

నేను ఆటోలో సైకిల్ పెట్టుకుని ఇల్లు చేరాను. సాయంత్రం గ్రూపులో జరిగింది రాశాను. చాలామంది చూసి ఊరుకున్నారు. ఒక కుర్రాడు ‘స్పీడ్ పెంచుకోవాలి అక్కా, ప్రాక్టీసుతో వచ్చేస్తుంది’ అని సలహా ఇచ్చాడు. మానేద్దామనుకున్నాను. మా ఆయన అయితే సైకిల్ అమ్మకానికి ఫోటో కూడా తీశారు.

మర్నాడు క్లబ్బులో ఒక రిటైర్డ్ రైల్వే ఆయన ఫోన్ చేశారు. రాడ్ బ్రేకుల సైకిల్ ఆయనే. ‘అమ్మా, గార్డు లేకుండా బండి తియ్యకూడదు. తప్పు మాది,’ అన్నారు. ఆ ఆదివారం నుంచి గార్డు పద్ధతి వచ్చింది. మెరిసే పట్టీల జాకెట్ వేసుకుని, వెనక ఎర్ర లైటు పెట్టుకుని ఒకరు అందరికన్నా ఆఖర్న వస్తారు. గార్డు చేరేదాకా రైడ్ అయినట్టు కాదు, ఎవరూ ఫోటో పెట్టకూడదు. రైల్వేలో అదే ఏడాది గార్డు పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ మా క్లబ్బులో ఇంకా గార్డే.

నాలుగు వేసవులు చూశాక నాకు తెలిసిందేమిటంటే, ఈ క్లబ్బు మంచి చెడూ అంతా ఆ జాకెట్ ఎవరి ఒంటి మీద ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. మనసున్న మనిషి గార్డుగా ఉన్న రోజు అరవై కిలోమీటర్లయినా భయం లేదు. డ్యూటీ పడింది కదా అని విసుక్కుంటూ వచ్చేవాడైతే, వాడి ముందు చక్రం మన వెనక టైరుకి తగిలేంత దగ్గరగా వస్తుంటుంది. అదో టెన్షన్. అందుకే శనివారం రాత్రి నేను రూట్ చూడను, గార్డు పేరు చూస్తాను.

ఈ లెక్కన మంగళ, గురువారాల చిన్న రైడ్లే నాకు ఎక్కువ నచ్చాయి. రుషికొండ దాకా వెళ్ళి ఏడింటికి ఇంట్లో ఉంటాం. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకవాళ్ళ కోసం కొంత మేర వాహనాలు ఆపేస్తారు కాబట్టి మొదటి ముక్క హాయిగా సాగుతుంది. ఎనిమిది పది మందికి మించి రారు, ఎవరు వెనకపడ్డా తెలుస్తుంది. మా ఆఫీసు మొదటావిడకి చెప్పింది ఇదే.

పిల్లల వేసవి శిబిరం ఇంకా బాగుంటుంది. మేలో మూడు వారాలు, ఒక స్కూలు గ్రౌండులో. మా వాడు రెండేళ్ళు వెళ్ళాడు. సైకిల్ తొక్కడం కన్నా వాడికి పంక్చర్ క్లాసు పిచ్చి పట్టించింది. ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతారు. ఒకచోట సన్నగా బుడగలు వస్తాయి. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూయాలి. పూసిన వెంటనే ప్యాచ్ అంటించకూడదు, చెయ్యి పెడితే అంటుకోనంత వరకూ ఆరనివ్వాలి. మా వాడికి ఆ రెండు మూడు నిమిషాలు ఆగడం రావడానికి నాలుగు ట్యూబులు పట్టాయి. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పంక్చర్లన్నీ వాడివే, ఒక్కోదానికి పది రూపాయలు. టైరు లోపల వేలు పెట్టి మేకు ఇంకా ఉందేమో చూడకుండా ట్యూబు ఎక్కించొద్దని వాడే నాకు చెబుతాడు.

క్లబ్బు చెప్పని సంగతి ఒకటి ఉంది, నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. సముద్రపు గాలిలో ఉప్పు. మొదటి ఏడాది రైడ్ నుంచి వచ్చి సైకిల్ బాల్కనీలో పెట్టేసేదాన్ని. వానాకాలం వచ్చేసరికి చైన్ ఎర్రగా అయిపోయింది, గేరు మారుస్తుంటే కిర్రుమనేది. ఇప్పుడు వచ్చిన వెంటనే పొడిగుడ్డతో తుడుస్తాను, వారానికోసారి చైన్‌కి ఆయిల్ వేసి పైపైది తుడిచేస్తాను. పైపైది తుడవకపోతే బీచ్ ఇసుకంతా దానికే పట్టుకుంటుంది.

ఇక ఫిర్యాదులు. ఆడవాళ్ళకి బాత్రూమ్ సంగతి ఏ రూట్ మ్యాపులోనూ ఉండదు. చెట్టు ఎక్కడుందో, టీ ఎక్కడ దొరుకుతుందో వేసే మగవాళ్ళకి ఇది తోచనే తోచదు. మేమే నలుగురం కలిసి ఏ పెట్రోల్ బంకులో తాళం ఉండదో ఒక జాబితా రాసుకున్నాం. దానికి భయపడి నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు ఉన్నారు, వేసవిలో అంతకన్నా ప్రమాదం లేదు.

అరకు రైడ్ 2024లో వెళ్ళాను. ఊరి నుంచి అరకు వంద కిలోమీటర్ల పైనే కాబట్టి శృంగవరపుకోట దాకా సైకిళ్ళు వ్యానులో, మేము బస్సులో. అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కాలి. కాఫీ తోటల దగ్గరకి వచ్చేసరికి గాలి చల్లబడి మనం వేసవిలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. కానీ వ్యానులో సైకిళ్ళని ఒకదాని మీద ఒకటి కట్టెల్లా పేర్చారు. దింపేసరికి నా సైకిల్ వెనక డిరైలర్, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం, లోపలికి వంగిపోయి ఉంది. వెనక పెద్ద పళ్ళచక్రం మీదకి చైన్ మారిస్తే అది చువ్వలకి తగులుతోంది. సగం గేర్లతోనే ఘాట్ ఎక్కాను. రిపేరుకి ఎనిమిది వందలయ్యాయి. క్లబ్బు సారీ చెప్పింది, డబ్బు మాట ఎత్తలేదు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి నా సలహా, సైకిళ్ళ మధ్య పాత దుప్పటి మీరే పట్టుకెళ్ళండి. డిరైలర్ ఉన్న వైపు పైకి ఉండేలా నిలబడి మరీ పెట్టించండి.

జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం రైడ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. టీషర్టు ఇస్తారు. మైకు ఉంటుంది. ముఖ్య అతిథి కోసం ఆగి ఆగి గత ఏడాది ఏడు దాటాక బయలుదేరాం, వచ్చినవాళ్ళలో సగం మంది పిల్లలు. గార్డు ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. టీషర్టు మాత్రం బాగుంది, ఇంటి తుడుపుకి ఇంకా వాడలేదు.

సింహాచలం ఘాట్ రైడ్లు కుర్రాళ్ళకి బాగుంటాయి. నేను రెండుసార్లు ఎక్కి దండం పెట్టి దిగాను. పున్నమి రాత్రి రైడ్ ఒకసారి వెళ్ళాను, చంద్రుడి కన్నా కుక్కలే ఎక్కువ గుర్తున్నాయి.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి, ఏడాదికి పదిహేను వందలు. పిల్లల శిబిరం వేరే. హెల్మెట్ లేకపోతే గుడి దగ్గర నుంచే వెనక్కి పంపేస్తారు, అందులో మొహమాటం లేదు. రెండు సీసాలు పెట్టుకోండి. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్ గానీ ఉప్పేసిన పల్చటి మజ్జిగ గానీ. నేనైతే బయలుదేరే ముందు ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి తాగుతాను. అది మా అమ్మమ్మ పద్ధతి, క్లబ్బులో న్యూట్రిషన్ చెప్పే కుర్రాడు ఈ మధ్యే దాన్ని ఒప్పుకున్నాడు.

రెండో ఆయన్ని ఎందుకు వద్దన్నానో చెప్పలేదు కదూ. ఆయన సైకిల్ కొనక ముందే స్పీడు చూపించే వాచీ కొన్నారు. కుర్రాడికి మేలో వద్దన్నది, వాడెప్పుడూ ఎండలో తొక్కలేదు కాబట్టి. ఒంటికి వేడి అలవాటు కావడానికి పది రోజులైనా పడుతుంది. భీమిలి ఎదురుగాలితో మొదలుపెడితే మళ్ళీ రాడు.

ఈ ఏప్రిల్‌లో గార్డు డ్యూటీ నాకు పడింది. రైల్వే ఆయనే స్వయంగా జాకెట్ తెచ్చి ఇచ్చారు. కొత్తగా చేరిన ఒక నర్సమ్మాయి రుషికొండ ఎత్తు దగ్గర దిగిపోయి ‘మీరు వెళ్ళిపోండి మేడమ్, నేను మెల్లగా వస్తాను,’ అంది. నేను వెళ్ళకూడదమ్మా, రూలు అన్నాను. ఇద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ ఎక్కాం, ముందు వాళ్ళు టిఫిన్ బండి దగ్గర నలభై నిమిషాలు ఆగారు, ఇద్దరు ముగ్గురు గొణిగారు కూడా. జాకెట్ మాత్రం 2022లో కొన్నప్పటి నుంచి ఎవరూ ఉతికినట్టు లేదు. ఈ వారం నేనే ఇంటికి తెచ్చి నానబెట్టాను.