సాలెపురుగును పోల్చుకోవడానికి ఏది మేలు: గూడా, ఒంటి రంగా?

వానలు తగ్గుముఖం పట్టాక పాకాల చెరువు వైపు అడవిలో నడిచేవారికి దారికి అడ్డంగా అల్లిన గుండ్రటి సాలెగూళ్లు కనిపిస్తాయి. చాలామంది ముందు పురుగు రంగును చూసి పేరు చెప్పబోతారు గానీ, ముందు చూడవలసింది గూటినే అని నేను గట్టిగా నమ్ముతాను. సాలె అంటేనే నేతగాడు. కొత్తవాడ తివాచీని నేతను బట్టి పోల్చుకున్నట్టే దీనినీ నేతను బట్టి పోల్చుకోవచ్చు.

ఎండ తగిలినప్పుడు దారాలు బంగారు రంగులో మెరుస్తూ, గూటి కేంద్రం నడిమధ్యన కాక పైఅంచుకు దగ్గరగా ఉంటే, అది చాలావరకు నెఫిలా పిలిపెస్ అనే జాతి. ఆడదాని శరీరం 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటే మగది అర సెంటీమీటరు మాత్రమే ఉంటుంది కనుక, పరిమాణాన్నీ రంగునూ నమ్ముకున్నవారు ఒకే గూటిలోని ఆ జంటను రెండు వేర్వేరు జాతులని పొరబడతారు.

ఆర్గియోపి అనే సాలెపురుగుల విషయంలో గూడు సగం దూరమే తీసుకువెళుతుంది. నడుమ తెల్లటి దారంతో గుణకారపు గుర్తులా వేసిన వంకరటింకర అల్లిక, దాని వెంట రెండేసి చొప్పున జతచేసి చాచిన కాళ్లు ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, మంచి ఆనవాళ్లు. అయితే ఆ అల్లిక కొన్నాళ్లు ఒకటి రెండు పాయలే ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. అప్పుడు పొట్ట మీది అడ్డపట్టీలను చూడక తప్పదు. ఆ పట్టీలు కూడా ఆర్గియోపి అనసూజాకూ ఆర్గియోపి పుల్చెల్లాకూ దగ్గరగానే ఉంటాయి కాబట్టి, ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ ఖాయంగా చెప్పలేము.

గట్టి పెంకు లాంటి పొట్టకు ముళ్లున్న గ్యాస్టరకాంతాకు ఒళ్లే చాలు. జిగురు లేని దారాలతో గుడారంలా గూడు కట్టే సిర్టోఫోరాకు గూడే చాలు.

రెండూ తడబడేది నియోస్కోనా దగ్గర. ఇది సాధారణంగా పొద్దుగుంకాక గూడు అల్లి తెల్లవారేసరికి విప్పేస్తుంది. ఒకే జాతిలో బూడిద, గోధుమ వన్నెలు రకరకాలుగా ఉంటాయి. పైనుంచి దగ్గరగా తీసిన ఫొటోలో తల వెనుక భాగం మీది గాడి నిలువుగా ఉంటే నియోస్కోనా, అడ్డంగా ఉంటే అరేనియస్ అనే మరో ప్రజాతి అనుకోవచ్చు. ఫొటో ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు నేను ప్రజాతి పేరు వరకే రాసుకొని, జాతి పేరును ఖాళీగా వదిలేస్తాను.