హెర్‌-2 పరీక్ష: ఐహెచ్‌సీ ఏం చెబుతుంది, ఫిష్ ఏం చెబుతుంది

హెర్‌-2 అంటే కణాల పెరుగుదలను నడిపే ఒక ప్రోటీన్; కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఇది మోతాదు మించి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులో "హెర్‌-2: 2+" అని కనిపిస్తే చాలామంది కంగారుపడతారు. అది పాజిటివూ కాదు, నెగటివూ కాదు. తేల్చడానికి ఇంకో పరీక్ష కావాలని అర్థం.

ఐహెచ్‌సీ (ముక్కకి రంగు పట్టించి ప్రోటీన్‌ని చూసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష) చూసేది కణం పొర మీదున్న హెర్‌-2 ప్రోటీన్‌ని. రంగు ఎంత గాఢంగా, ఎంత పూర్తిగా పట్టిందో చూసి పాథాలజిస్టు 0 నుంచి 3+ వరకు స్కోరు వేస్తారు. మామూలు మైక్రోస్కోపు చాలు, ఖర్చు తక్కువ. కానీ తీసిన ముక్క, కణజాలాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలి. అక్కడ అశ్రద్ధ జరిగితే ఫలితాన్ని నమ్మలేం.

ఫిష్ (మెరిసే గుర్తులు అంటించి జన్యువులను చూసే పరీక్ష) ఏకంగా హెర్‌-2 జన్యువునే లెక్కపెడుతుంది. 17వ క్రోమోజోమ్ గుర్తులతో పోలిస్తే హెర్‌-2 ప్రతులు కనీసం రెట్టింపు ఉండి, కణానికి సగటున 4కి తగ్గకపోతే పాజిటివ్. ఖరీదు ఎక్కువ, ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపు కావాలి.

నా మాట: ముందు ఐహెచ్‌సీయే. 3+ వస్తే ట్రాస్టుజుమాబ్ (హెర్‌-2ని అడ్డుకునే మందు) గురించి ఆలోచించడానికి అదే చాలు. 2+ అయితే మాత్రం ఫిష్ మానకండి, దయచేసి. అది నెగటివ్ వచ్చినా ఐహెచ్‌సీ రిపోర్టు పారేయొద్దు. హెర్‌-2 తక్కువగా ఉండి, వేరే అవయవాలకు పాకిన క్యాన్సర్‌కి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ (ట్రాస్టుజుమాబ్‌కి కీమో మందు తగిలించినది) వాడేందుకు 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. అందుకు ఆధారం ఆ 1+, 2+ అంకెలే.