బరంపురంలో సోనీ ఆర్‌ఎక్స్ 100: ప్రింటు వేయించేవారి జేబు కెమెరా

ఫోటోలు ప్రింటు వేయించే అలవాటు లేనివారు ఈ కెమెరా కొనవలసిన పని లేదు. సమీక్ష చివర చెప్పవలసిన ఈ మాటను ముందే చెప్పేస్తే, అక్కర లేనివారు ఇక్కడితో ఆగిపోవచ్చు. తీసిన ఫోటోను గంట తిరగకుండా ఇచ్ఛాపురంలోనో విశాఖలోనో ఉన్న బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, మర్నాటికి దాని సంగతి మరచిపోయేవారికి చేతిలో ఉన్న ఫోను చాలు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను ఎలాగూ కుదించేస్తుంది కనుక, ఏ కెమెరాతో తీశారన్నది అవతలివారికి తెలిసే అవకాశమే తక్కువ. అయితే ఒడిశాలోని బరంపురం తెలుగువారి ఇళ్లలో ఆల్బములూ, ముందు గది గోడ మీద వరుసగా వేలాడే ఫ్రేములూ ఇంకా పోలేదు. ఆ ఫ్రేముల్లోకి వెళ్లవలసిన ఫోటోలు, పెళ్లికి కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు లేని రోజుల్లో ఎవరు తీస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడే ఇలాంటి చిన్న కెమెరా అవసరం కనబడుతుంది.

సోనీ ఈ మోడలును 2012లో విడుదల చేసింది. అప్పటికే కెమెరాల అమ్మకాలు ఫోన్ల దెబ్బకు దిగడం మొదలైంది. ప్రపంచం మొత్తం మీద 2010లో కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలను మార్కెట్‌కు పంపాయి, ఆ సంఖ్య మళ్లీ ఎన్నడూ రాలేదు. అటువంటి కాలంలో జేబులో పట్టే కెమెరాలో ఒక అంగుళం సెన్సరు, అంటే వెలుగును పట్టి ఫోటోగా మార్చే పలక, పెట్టడమే ఈ మోడలుకు పేరు తెచ్చింది. ఒక అంగుళం అన్నది పాత కొలతల పద్ధతిలో వచ్చిన పేరు మాత్రమే. అసలు పరిమాణం 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పు. ఆ రోజుల్లో మామూలు చిన్న కెమెరాల్లో ఉండే సెన్సరుతో పోలిస్తే దీని వైశాల్యం నాలుగు రెట్లు. బ్యాటరీ, కార్డులతో కలిపి బరువు 240 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది గాని జేబు కిందికి లాగుతుంది, ప్యాంటు జేబే మేలు. ఒంటి మీద పట్టు దొరికే భాగమేదీ లేకుండా నున్నటి అల్యూమినియంతో చేశారు కనుక, మన చెమట చేతులకు మణికట్టు తాడు తప్పనిసరి.

ప్రింటు విషయంలో దీని మొదటి లాభం చాలామంది గమనించనిది. ఈ కెమెరా ఫోటో 5472 బై 3648 పిక్సెళ్లు, అంటే పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2. స్టూడియోల్లో వేసే 4×6 కాగితం నిష్పత్తి కూడా అదే. ఫోన్లు మామూలుగా 4:3 నిష్పత్తిలో తీస్తాయి కనుక, వాటిని 4×6 మీద నిండుగా వేసేటప్పుడు ల్యాబ్ మెషీను పైనా కిందా కొంత కోసేస్తుంది. ఫోనును అడ్డంగా పట్టి తీసిన గ్రూపు ఫోటోల్లో వెనక వరుసవారి తలపాగాలో, ముందు కూర్చున్న పిల్లల పాదాలో ఎగిరిపోవడానికి కారణం ఇదే. ఈ కెమెరాతో ఫ్రేములో చూసినదంతా కాగితం మీదికి వస్తుంది. గోడకు పెట్టే 12×18 సైజుకూ ఇదే లెక్క సరిపోతుంది, పైగా అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా పిక్సెళ్లు ఇంకా కొంచెం మిగులుతాయి. అంత పెద్ద ప్రింటులో మామూలు ఫోను ఫోటోను దీని పక్కన పెట్టి చూస్తే తేడా వెంట్రుకల దగ్గర, చీర జరీ దగ్గర, దూరంగా ఉన్న చెట్ల ఆకుల దగ్గర తెలుస్తుంది. ఫోను తన లెక్కలతో అంచులను పదును పెట్టి, మధ్యలో ఉన్న సన్నటి వివరాన్ని మైనం పూసినట్టు నున్నగా చేస్తుంది. చిన్న తెర మీద అది అందంగానే కనిపిస్తుంది, కాగితం మీద మాత్రం దాగదు.

ల్యాబ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊళ్లోని ఒక ల్యాబ్‌లో వేయించిన మొదటి ప్రింట్లలో మా ఇంట్లోవారందరూ పౌడరు అద్దుకున్నట్టు తెల్లగా వచ్చారు, పసుపు రాసిన కాళ్లు సైతం పాలిపోయాయి. కెమెరా తెర మీద రంగులు సరిగానే ఉన్నాయి. ముఖాలు తెల్లబడితే జనం సంతోషిస్తారన్న నమ్మకంతో ఆపరేటర్లు ప్రతి ఫోటోకూ వెలుగు పెంచేస్తారు. అప్పటినుంచి కౌంటరు దగ్గరే, “అన్నా, కలర్ కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వెయ్యి” అని చెప్పి, ముందు ఒకే ఒక్క 4×6 వేయించి చూసుకున్న తరువాతనే మిగిలినవి ఇస్తున్నాను. కెమెరా ఎంత మంచిదైనా ఈ జాగ్రత్త లేకపోతే ఖర్చు దండగ.

బరంపురంలో కెమెరాకు నిజమైన పరీక్ష ఠాకురాణి యాత్ర. రెండేళ్లకోసారి వేసవి మొదట్లో వచ్చి సుమారు నెల రోజులు నడిచే ఈ జాతరలో చూడవలసినదంతా రాత్రి పూటే ఉంటుంది. మొక్కుకున్నవారు దేవతల వేషాలూ పులి వేషాలూ కట్టి, ఇరుకు వీధుల్లో డప్పుల వెంట కదులుతూ ఉంటారు. ఒక చోట సీరియల్ బల్బుల వెలుగు కళ్లు చెదిరేలా ఉంటే, పది అడుగుల అవతల చీకటి. ఇక్కడ ఈ కెమెరా లెన్సు స్వభావం తెలిసి వాడాలి. జూమ్ మొదట్లో, అంటే 28 మి.మీ. దగ్గర, ఎపర్చరు, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది; ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. జూమ్ చివరికి, 100 మి.మీ.కి వెళ్లేసరికి ఎఫ్ 4.9కి దిగిపోతుంది. సెన్సరు మీద పడే వెలుగు దాదాపు ఏడో వంతుకు తగ్గిపోతుందన్నమాట. కాబట్టి రాత్రి జాతరలో జూమ్ లాగడం మానేసి, కాళ్లతో ముందుకు నడవడమే మార్గం. జనం ఒత్తిడిలో అది ఎప్పుడూ కుదరదు, కుదిరినప్పుడు మాత్రం ఫలితం బాగుంటుంది. ఆటో మోడ్‌కు వదిలేస్తే కెమెరా షట్టరును, అంటే వెలుగును లోపలికి వదిలే తలుపును, నెమ్మది చేసి, గెంతుతున్న పులిని పసుపు మరకగా మారుస్తుంది. షట్టరును సెకనులో 125వ వంతుకు బిగించి, వెలుగుకు సెన్సరు స్పందనను పెంచే ఐఎస్ఓను 3200 దాకా పోనివ్వడం నయం. ఆ ఐఎస్ఓలో తెర మీద పెద్దది చేసి చూస్తే గరుకు కనబడుతుంది, 4×6 కాగితం మీద కనబడదు. వెలుగుల తోరణాలకు మాత్రం వరుసగా కొన్ని ఫోటోలు తీసి ఒకటిగా కలిపే హ్యాండ్‌హెల్డ్ ట్విలైట్ అమరిక పనికొస్తుంది, అందులో మనుషులు కదలకూడదు.

ఎరుపు రంగు ఈ కెమెరాతోనే కాదు, ఏ డిజిటల్ కెమెరాతోనైనా చిక్కే. పెళ్లికి కొన్న బరంపురం పట్టు చీరను కిటికీ దగ్గర పరచి, అంచు పొడవునా వచ్చే గుడి గోపురాల వరుసను దగ్గరగా తీయబోతే, చుట్టూ ఉన్న గదికి వెలుగు సరిపోయింది గాని చీర ఎరుపులో నేత కనబడకుండా ఒకే ముద్దగా వచ్చింది. కెమెరా మొత్తం మీద వెలుగు లెక్క సరిగానే వేసింది. సెన్సరులో ఎరుపు వంతు మాత్రం నిండిపోయి, ఆ పైన ఉన్న తేడాలన్నీ పోయాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోకు అందే మొత్తం వెలుగును, మైనస్ 0.7కు దించగానే పోగు పోగూ విడివిడిగా కనిపించింది. లెన్సు చుట్టూ ఉన్న రింగును ఎక్స్‌పోజర్ మార్చడానికి కేటాయించుకునే వీలుంది, అది ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం. దగ్గరగా తీయడంలో ఒక పరిమితి ఉంది: 28 మి.మీ. దగ్గర 5 సెం.మీ. దూరం వరకు ఫోకస్ అవుతుంది గాని, జూమ్ చివర 55 సెం.మీ. దూరం కావాలి. 5 సెం.మీ. దగ్గరికి వెళితే కెమెరా నీడే చీర మీద పడుతుంది. అందుచేత వెలుగు పక్కవాటుగా పడే కిటికీ పక్కన కూర్చుని, కొంచెం వెనక్కి జరిగి తీసి, కంప్యూటరులో అంచులు కోసుకోవడం మంచిది. 20 మెగాపిక్సెళ్లు ఉన్నాయి కనుక కోసినా 4×6కు లోటు రాదు.

ఇళ్లలో జరిగే చిన్న వేడుకలకు, అన్నప్రాశనకో సీమంతానికో, ఫ్లాష్ వాడక తప్పదు. నేరుగా కొట్టే ఫ్లాష్ నుదుటి మీద చెమటను మెరిపించి, వెనక గోడ మీద నల్లటి నీడ వేస్తుంది. ఈ కెమెరా ఫ్లాష్ పైకి లేచే చిన్న చేయి మీద ఉంటుంది. దాన్ని చూపుడు వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు పైకప్పుకు తగిలి, మెత్తబడి మనుషుల మీద పడుతుంది. తెల్ల సున్నం వేసిన శ్లాబు ఇళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది. పాత పెంకుటిళ్లలో పని చేయదు, ఎత్తయిన కళ్యాణ మండపాల్లో అసలే చేయదు.

పగటి పూట, ముఖ్యంగా గోపాల్‌పూర్ ఒడ్డున, దీని బలహీనత బయటపడుతుంది. కంటితో చూసి తీసేందుకు వ్యూఫైండరు లేదు, తెర కదలదు. మధ్యాహ్నపు ఎండలో ఇసుకా నీళ్లూ కలిసి విసిరే వెలుగుకు, తెర వెలుగును పూర్తిగా పెంచినా, ఫ్రేములో పడవ మొనో మనిషి భుజమో ఎక్కడ తెగుతోందో ఊహించుకోవడమే అవుతుంది. మరొకటి, షట్టరు వేగానికి పైహద్దు సెకనులో 2000వ వంతు. అంతటి ఎండలో ఎఫ్ 1.8కి పెట్టి వెనక సముద్రాన్ని మసకబార్చాలనుకుంటే ఫోటో తెల్లబారిపోతుంది. ఎఫ్ 4 నుంచి పైకి పెట్టుకోవలసిందే. జాలర్లు వలలు లాగి పడవలు ఒడ్డుకు చేర్చే పొద్దుటి వేళ ఈ రెండు ఇబ్బందులూ ఉండవు, ముఖాల మీద వెలుగు కూడా అప్పుడే బాగుంటుంది. ఎలాగూ ఆ మధ్యాహ్నపు ఎండలో మనుషులెవరూ అందంగా ఉండరు.

సముద్రం దగ్గరి ఊళ్లో కెమెరా ఉంచుకోవడానికి కొంత శ్రద్ధ కావాలి. లోపలికీ బయటికీ జరిగే లెన్సు ఉన్న చిన్న కెమెరాలన్నీ గాలితో పాటు దుమ్మును కూడా కొద్దికొద్దిగా లోపలికి పీలుస్తాయి, సెన్సరు తుడవడానికి లెన్సు విప్పే వీలు మన చేతిలో ఉండదు. అందుకే గాలి వీచే ఇసుక మీద నిలబడి కెమెరాను మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేయడం మంచిది కాదు. వానాకాలంలో ఏసీ గది నుంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. జిప్ కవరులో పెట్టి బయటికి తెచ్చి, కవరులోనే కాసేపు బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు తీయాలి. నెలల తరబడి బట్టల బీరువాలో దాచేస్తే లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టడం, వాటి గుణం తగ్గినప్పుడు మార్చడం చాలు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, బియ్యప్పొడి లెన్సు సందుల్లోకి చేరుతుంది తప్ప అందువల్ల ఒరిగేదేమీ లేదు.

బ్యాటరీ ప్రమాణాల లెక్క ప్రకారం 330 ఫోటోలకు వస్తుంది, ఒక వేడుకకు సరిపోతుంది. మైక్రో యూఎస్‌బీ తీగతో కెమెరాలోనే ఛార్జి ఎక్కుతుంది కనుక పాత ఫోను తీగ పనికొస్తుంది. వైఫై లేదు, ఫోనుకు పెట్టుకునే చిన్న కార్డు రీడరు కొనుక్కుంటే ఆ లోటు తీరిపోతుంది.

ఈ మోడలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుందనుకోవాలి. కాలేజీ పిల్లలకు పాత చిన్న కెమెరాల మోజు పట్టిన తరువాత వీటి ధరలు మళ్లీ పెరిగాయి కనుక, అడిగిన ధరకు ఒప్పుకోకుండా పరీక్షించి తీసుకోవాలి. మీ సొంత కార్డు తీసుకెళ్లండి. జూమ్‌ను చివరి వరకు లాగి వెనక్కి తెచ్చినప్పుడు మధ్యలో తడబాటు గాని, గీసుకున్న చప్పుడు గాని ఉండకూడదు. ఎపర్చరును ఎఫ్ 11కు పెట్టి తెల్లగోడను తీసి, ఆ ఫోటోను పెద్దది చేసి మూలమూలా చూడండి. బూడిద రంగు మచ్చలు కనబడితే అవి సెన్సరు మీది దుమ్ము, ఎఫ్ 1.8లో తీసిన ఫోటోలో అవి కనబడవు గనుక అమ్మేవాడు ఎప్పుడూ ఆ ఫోటోనే చూపిస్తాడు. ఫ్లాష్ తడబడకుండా లేవాలి, బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. ఎండలో ఎక్కువగా తీసేవారు, ఇంకొంత పెట్టగలిగితే, 2014లో వచ్చిన మూడో రకాన్ని (ఆర్‌ఎక్స్ 100 III) చూడవచ్చు. అందులో పైకి లేచే వ్యూఫైండరూ, వెలుగును తగ్గించే ఫిల్టరూ ఉన్నాయి, జూమ్ చివర కూడా ఎపర్చరు ఎఫ్ 2.8 ఉంటుంది. కాకపోతే ఆ జూమ్ 70 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, మండపం చివరి కుర్చీల్లో కూర్చుని తాళి కట్టే క్షణం తీయాలనుకునేవారికి మొదటి రకంలోని 100 మి.మీ.యే ఉపయోగం.