షుగర్ చూసుకోవడానికి ఏది మేలు: మీటరా, మూడు నెలల పరీక్షా, సెన్సరా?

నాన్నగారు రోజూ పరగడుపున వేలు గుచ్చుకుని, గ్లూకోమీటర్ చూపిన అంకెను డైరీలో రాసుకునేవారు. 112, 118, 109. షుగర్ అదుపులోనే ఉందని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నాం. రెండేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 7.9 శాతం వచ్చింది, అంటే షుగర్ అదుపులో లేదన్నమాట. డైరీలో తప్పేం లేదు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, రాత్రి తొమ్మిదిన్నరకు తిని, వెంటనే పడుకునే మనిషికి ఆ రాత్రి షుగర్ ఎంత ఉంటోందో ఎవరూ చూడలేదు, అంతే.

నగర జీవితంలో ఇది చాలా ఇళ్లలో జరిగేదే. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2024 లెక్కల ప్రకారం ప్రపంచంలో 58.9 కోట్ల మంది పెద్దలకు మధుమేహం ఉంది, పల్లెల కంటే పట్టణాల్లోనే ఎక్కువ. దీని వైద్యానికి ఏటా అయ్యే ఖర్చు లక్ష కోట్ల డాలర్లు దాటింది. కిడ్నీ, కన్ను, కాలు దెబ్బతిన్నాక అయ్యే ఖర్చు ముందు పరీక్షల ఖర్చు ఏపాటి? అయినా ఆ డబ్బునూ ఆచితూచి పెట్టాలి.

మీటర్ ఒకసారి కొంటే చాలు, అసలు ఖర్చు స్ట్రిప్పులది. అందుకే రోజూ పరగడుపునే చూసి స్ట్రిప్పు వృథా చేయకండి. ఒక పూట భోజనానికి ముందు, మొదటి ముద్ద తిన్న 2 గంటలకు మళ్లీ చూస్తే, ఏ పూట తిండి షుగర్ పెంచుతోందో తెలుస్తుంది. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని గుచ్చుకోవాలి. పండు తిన్న వేలికి అంటిన తీపి కూడా అంకెను పెంచేస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. ఎంత మంచి మీటరైనా 15 శాతం దాకా అటూ ఇటూ చూపొచ్చు కాబట్టి 180కి, 190కి తేడా చూసి టెన్షన్ పడక్కర్లేదు.

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చెబుతుంది, ఎర్రరక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి. మందు మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి ఇదే ఆధారం. ప్రతి నెలా చేయిస్తే డబ్బు దండగ. అయితే ఇది సగటు మాత్రమే కాబట్టి, రాత్రి 60కి పడిపోయి, పగలు 250కి ఎగబాకినా అంకె బాగానే కనిపించొచ్చు. ఐరన్ లోపం ఉంటే అంకె అసలు కంటే ఎక్కువ చూపుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

చేతికి అంటించే సెన్సర్ చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును కొన్ని నిమిషాలకోసారి కొలుస్తుంది, 10 నుంచి 14 రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత మళ్లీ కొనాలి, ఖరీదు ఎక్కువ. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, నిద్రలో షుగర్ పడిపోయేవాళ్లకు, రాత్రి షిఫ్టులవాళ్లకు మాత్రం అది విలాసం కాదు, అలారం ఉన్న రకమైతే షుగర్ 70 లోపుకు పడగానే మోగి నిద్ర లేపుతుంది. మాత్రలతో నడిచిపోయేవాళ్లకు ఏడాదికి ఒక సెన్సర్ చాలని నా అభిప్రాయం.

నాన్నగారికి ఒక్క సెన్సరే వాడాం. రాత్రి భోజనం తర్వాత సెన్సర్ చూపే షుగర్ గీత నిట్టనిలువుగా లేచి, అర్ధరాత్రి దాటినా దిగకపోవడం ఆయన కళ్లారా చూశారు. ఇప్పుడు ఏడున్నరకల్లా తిని, అరగంట నడుస్తున్నారు. మూడు నెలలకో హెచ్‌బీఏ1సీ, వారానికి రెండు రోజులు భోజనానికి ముందూ తర్వాతా మీటరు. డైరీలో పరగడుపు గడి పక్కన 'రాత్రి తిన్న 2 గంటలకు' అని ఇంకో గడి గీసుకున్నారు. నిన్న అందులో 158 అని రాశారు.